అయిదున్నర అంగుళాల దార్శనికత

దేశంలో ఏ విశ్వవిద్యాలయమూ ఇంతవరకు తన భవిష్యత్తును గుండ్రంగా తిప్పి చూసుకోలేదనీ, ఆ ఘనత దక్కన్ సమగ్ర విజ్ఞాన విశ్వవిద్యాలయానికే దక్కబోతున్నదనీ ఉపకులపతి ఆచార్య సోమయాజులు గారు 1997 ఆగస్టు చివరి వారంలో విలేఖరుల సమావేశం పెట్టి ప్రకటించారు. సెప్టెంబరు పన్నెండో తేదీన విజ్ఞాన వికాస శాఖ మంత్రివర్యులు స్వయంగా క్యాంపస్‌కు విచ్చేసి మీట నొక్కుతారు. నొక్కిన మరుక్షణం, రెండువేల ఇరవయ్యో సంవత్సరంలో ఈ విశ్వవిద్యాలయం ఎలా ఉండబోతున్నదో ఆ దివ్యరూపం కంప్యూటరు తెరమీద త్రీ డైమెన్షన్లలో ప్రత్యక్షమై, మూడు నిమిషాల పాటు తన చుట్టూ తాను తిరుగుతుంది.

"ఎటువైపు తిరుగుతుందండీ?" అని ఒక విలేఖరి అడిగాడు.

"ప్రదక్షిణంగా," అన్నారు ఉపకులపతి గారు గంభీరంగా. "అప్రదక్షిణంగా తిప్పే ప్రసక్తే లేదు. ఆ మేరకు పాలకమండలి తీర్మానం చేసింది."

వెనుక వరుసలో బిస్కెట్ల పళ్ళేల పక్కన నిలబడి ఈ మాటలు నాగేష్ కూడా విన్నాడు. ఆ రూపాన్ని తిప్పవలసినవాడు అతడే. ఆ సంగతి అతనికి విలేఖరులతోపాటే తెలిసింది.

నాగేష్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు కేంద్రంలో ఆపరేటరు. మల్కాజ్‌గిరిలో ఆరు నెలల కోర్సు చేసి, తొమ్మిదేళ్ళ క్రితం దినవేతనం మీద చేరాడు. దినవేతన ఉద్యోగి చేత నెల పొడుగునా పనిచేయిస్తే అతడు పర్మనెంటు చెయ్యమని అడిగే ప్రమాదం ఉన్నది గనుక, దూరదృష్టి గల అధికారులు అతన్ని ప్రతి నెలా ఒకటో తేదీన ఉద్యోగంలోకి తీసుకుని, ఇరవైయేడో తేదీన తొలగించేవారు. ఆ విధంగా ముప్పైనాలుగేళ్ళ వయసుకే నూటెనిమిది పదవీవిరమణలు పూర్తిచేసిన అరుదైన అనుభవం అతనిది. ఆ మూడు నాలుగు రోజుల విశ్రాంత జీవితంలో కూడా అతడు ఠంచనుగా ఆఫీసుకు వచ్చి పనిచేసేవాడు.

ఇక కంప్యూటరు విషయం. దానికీ ఒక చరిత్ర ఉన్నది. రెండేళ్ళ క్రితం 'దార్శనిక పథకం' కింద దాన్ని కొనదలచినప్పుడు, దొంగల భయం చేత ముందుగా ఒక ఇనుప బీరువాను కొన్నారు. బీరువా అరల మధ్య ఎడం నాలుగున్నర అంగుళాలే. అందుచేత, ఎత్తు నాలుగంగుళాలు మించని కంప్యూటరే కావలెనని టెండరులో షరతు పెట్టారు. తొమ్మిది కంపెనీలు బీరువాను మార్చుకోవలసిందిగా సలహా ఇచ్చాయి. పదో కంపెనీ సలహాలేమీ ఇవ్వకుండా పెట్టెను పంపించింది.

గదికి ఏసీ వచ్చేలోగా దుమ్ము పడరాదని, కంపెనీవారు ఆ పెట్టెను తెల్లని గుడ్డలో పెట్టి కుట్టి, ఏడు చోట్ల లక్క ముద్రలు వేసి మరీ అప్పగించారు. ఏసీ ఫైలు నడుస్తున్నది. ప్రతి మార్చిలోనూ బీరువా తెరిచి, ముద్రలు ఏడూ ఉన్నాయని లెక్కపెట్టి, స్టాకు రిజిస్టరులో 'సక్రమముగా పనిచేయుచున్నది' అని రాసేవారు. కింద నాగేష్ సంతకం, దాని పైన ఫైనాన్సు ఆఫీసరు వెంకటసుబ్బారావు గారి సంతకం, దాని పైన ఉపకులపతి గారి సంతకం. దసరాకు అటెండరు బాలస్వామి ఆ గుడ్డకు పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. విడిగా వచ్చిన తెర ఉపకులపతి గారి బల్లమీద హుందాగా కూర్చున్నది. నాగేష్ మాత్రం కంప్యూటరు ఆపరేటరు హోదాలో టైపు మిషను మీద హాల్ టిక్కెట్లు కొడుతూ వచ్చాడు.

విలేఖరులు వెళ్ళిపోగానే ఉపకులపతి గారు అతన్ని లోపలికి పిలిపించారు. ఫైనాన్సు ఆఫీసరు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు.

"ఏమయ్యా నాగేష్, మద్రాసువాళ్ళు గీసిన మన బొమ్మ ఈ సీడీలో వచ్చేసింది. ఇక తిప్పడమే తరువాయి."

"సార్, ఆ బొమ్మ తిరగాల్నంటే గ్రాఫిక్స్ కార్డు కావాలె సార్. సీడీ మీదనే రాసి ఉన్నది. మామూలు కంప్యూటర్లల్ల ఆ కార్డు ఉండది."

"కొందాం. దానికేం?"

"కొనొచ్చు సార్. కానీ మన డబ్బ సన్నది. అన్ని కార్డులు అండ్ల పట్టవు. ఒక్కసారి మూత తీసి లోపల ఎంత జాగ ఉన్నదో చూస్తే..."

ఫైనాన్సు ఆఫీసరు ఉలిక్కిపడ్డారు. "మూత తీస్తావా? ఏవయ్యోయ్, ఏసీ రాకుండా సీలు తియ్యకూడదని తీర్మానం ఉందయ్యా! తీస్తే ఆడిటువాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"మంత్రిగారి రాకకు ముందు రోజు ఒకే ఒక్క గంట సడలింపు సంపాదించాను," అన్నారు ఉపకులపతి గారు. "ఆ గంటలో మూత తీస్తావు, కార్డు పెడతావు, మూత వేసేస్తావు. కార్డు సరిగ్గా పట్టాలి. పట్టి, బొమ్మ తిరిగితే, అదే వేదిక మీద నీ పర్మనెంటు ఫైలు మీద మంత్రిగారి చేత సంతకం చేయిస్తాను."

"పట్టకపోతే సార్?"

ఉపకులపతి గారు చాలా సౌమ్యులు. నవ్వుతూనే అన్నారు: "ఎలాగూ ఇరవైయేడున విరమిస్తావు గదా. ఈసారి ఒకటో తేదీన మళ్ళీ వచ్చే శ్రమ ఉండదు."

ఆ సాయంత్రం వారాసిగూడలోని రెండు గదుల ఇంట్లో నాగేష్ తన భార్య నిరోష కుట్టుమిషను మీదున్న టేపును తీసి జేబులో పెట్టుకుంటూ దొరికిపోయాడు. ఆమె ఆ వీధి ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతుంది.

"ఏందయ్యా, నా టేపు నీకెందుకు?"

"కంప్యూటర్‌కు కొలత తీసుకోవాలె."

"కంప్యూటర్‌కు గూడ జాకెట్ కుట్టిస్తున్నరా మీ సారోళ్ళు?"

"ముందే కుట్టిన్రు. ఇప్పుడు లోపల ఎంతున్నదో తెలుస్తలేదు."

నిరోష నవ్వింది గాని, సంగతంతా విన్న తర్వాత ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. పర్మనెంటు అయితే తమ చిన్నకూతురిని బడిలో వేద్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నారు. "పట్టే కార్డు యాడున్నా వెతుకు," అన్నది టేపు చుట్టి అతని చేతిలో పెడుతూ. "తార్నాకల లేకుంటే ఢిల్లీకి పో."

మరునాడు బాలస్వామి బీరువా తెరిచాడు. నాగేష్ గుడ్డ పైనుంచే కొలిచాడు. పొడవు పదిహేను అంగుళాలు, ఎత్తు నాలుగు. ఆ కాగితం పట్టుకుని తార్నాక చౌరస్తాకు నడిచాడు. అక్కడ ఒక ఎస్టీడీ బూతు మీది అంతస్తులో సంజీవ్ అనే మిత్రుడు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. ఇద్దరూ ఒకే కోర్సు చదివారు. సంజీవ్ పరీక్ష తప్పడం వల్ల వ్యాపారంలోకి దిగి బాగుపడ్డాడు.

సంజీవ్ కాగితాన్ని చూసి పక్కన పెట్టాడు. "అన్నా, గిది బయటి కొలత. లోపలిది చెప్పు."

"లోపల చూసే పర్మిషన్ లేదు."

"ఏంది?"

"సీలున్నది రా."

సంజీవ్ ఆ కాగితాన్నే మళ్ళీ తీసుకుని, దానిమీద పెట్టె బొమ్మ గీశాడు. "చూడన్నా. మామూలు డబ్బల కార్డు నిలబడ్తది. నీది నాలుగంగుళాల డబ్బ. నిలబడితే నెత్తి తగుల్తది. అడ్డంగ పండవెట్టాలె. పండవెడ్తే పొడుగు చూడాలె. ఎదురుంగ హార్డ్ డిస్కు ఉన్నదా, ఉంటే యాడున్నది, ఎంత జాగ మిగిలింది? అది తెల్వకుండ కార్డు ఇయ్యమంటే, పెండ్లిపిల్లను చూడకుండ గాజులు తొడిగినట్టే."

"ఉద్యోగం పోతది రా సంజీవ్."

"ఎవలదన్నా, నీదా? నీకు ఉద్యోగం ఎప్పుడున్నది?" అన్నాడు సంజీవ్. అని, తన మాటకు తానే నొచ్చుకుని, కిందికి కేకవేసి రెండు చాయ్‌లు తెప్పించాడు. "సరే. మూత తియ్యకుండ లోపల చూసే ఉపాయం ఏమన్న ఉంటే మీ సార్లను అడుగు. గంత చదువుకున్నరు గద."

సంజీవ్ ఎగతాళికే అన్నాడు. కాని మేధావులు పనికొచ్చే మాటను ఎవరు అన్నా వదలరు. నాగేష్ ఈ సందేహాన్ని లిఖితపూర్వకంగా సమర్పించిన మూడో రోజుకే 'కార్డు పరిమాణ నిర్ధారణ సంఘం' ఏర్పాటయింది. సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యులు సుబ్బరాయుడు గారు దానికి అధ్యక్షులు. ముద్ర చెడగొట్టకుండా లోపలి విషయాలు తెలుసుకునే పద్ధతి వైద్యశాస్త్రంలో ఇదివరకే ఉన్నదని ఆయన గుర్తుచేశారు. మధ్యాహ్నం మూడు గంటలకు బాలస్వామి పెట్టెను నెత్తిన పెట్టుకుని, సంఘ సభ్యులు వెంట నడవగా, క్యాంపస్ ఆరోగ్యకేంద్రానికి ఊరేగింపుగా తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయించారు.

డాక్టరు గారు అచ్చు కాగితం మీద పద్ధతి ప్రకారం నివేదిక రాసిచ్చారు. ఎముకలు విరగలేదు. ఊపిరితిత్తులలో నీరు లేదు. లోపల మొత్తం చాలా శుభ్రంగా, ఖాళీగా ఉన్నది. ఎడమ మూలన మాత్రం ఒక దీర్ఘచతురస్రం కనిపిస్తున్నది. రోగికి ఆకలి మందగించి ఉండవచ్చును.

సంఘం ఆ ఫిల్మును కిటికీకి పెట్టి అధ్యయనం చేసింది.

"ఆ మూలన ఉన్నది హార్డ్ డిస్కు," అని నిర్ధారించారు సుబ్బరాయుడు గారు. స్కేలు పెట్టి కొలిచారు. "తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు. ఆహా! ఎంత చక్కని నిష్పత్తి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ కొలతను నేను ఎక్కడో చాలాసార్లు చూశాను. చటుక్కున గుర్తుకు రావడం లేదు."

"సార్, హార్డ్ డిస్కు గంత పెద్దగ ఉండది," అన్నాడు నాగేష్.

"దార్శనిక పథకం కదయ్యా. భవిష్యత్తంతా అందులో పట్టాలి," అన్నారు అధ్యక్షులు.

పదిహేను అంగుళాలలో తొమ్మిది పోగా ఆరు. గాలి ఆడటానికి అర అంగుళం వదిలితే అయిదున్నర. కార్డు పొడవు అయిదున్నర అంగుళాలు మించరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, టీ తాగి రద్దయిపోయింది.

ఆ మాట వినగానే సంజీవ్ నుదురు కొట్టుకున్నాడు. "బొమ్మలు తిప్పే కార్డు అయిదున్నరల యాడ దొరుకుతదన్నా? ఉన్నయన్నీ ఏడు, ఎనిమిది." అయినా మంచివాడు గనుక స్కూటరు తీశాడు. ఇద్దరూ నాలుగు రోజులు ఊరంతా తిరిగారు. నాగేష్ ప్రతి దుకాణంలోనూ టేపు తీసి కార్డులను కొలిచాడు. ఒకచోట ఎనిమిది అంగుళాలు, ఒకచోట ఆరుంబావు. ఒక దుకాణదారు ఆ టేపు చూసి, వీళ్ళు దర్జీలనుకుని కర్టెన్ల పని పక్క సందులో ఉన్నదని చెప్పాడు. చివరికి ఒకచోట అయిదుంబావు కార్డు దొరికింది. నాగేష్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, పసిపిల్ల ముఖం చూసినట్లు చూశాడు.

నియమం ప్రకారం ఆ కొటేషనుకు మరో రెండు జతచేసి, పరుగున ఫైనాన్సు ఆఫీసరు గారి దగ్గరికి వచ్చాడు. వెంకటసుబ్బారావు గారు మూడు కొటేషన్లనూ బల్లమీద పరిచి, కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"ఇదేంటయ్యా? ఎనిమిది అంగుళాల కార్డేమో చవగ్గా ఉంది. అయిదుంబావుదేమో దానికి రెట్టింపు చెబుతున్నాడు!"

"చిన్నగ చేసుడు కష్టం సార్. అందుకే ధర ఎక్కువ."

"తక్కువ ధరకి ఎక్కువ పొడవు వస్తూ ఉంటే, ఎక్కువ ధరిచ్చి పొట్టిది కొన్నామని ఆడిటుకి ఏం చెప్పుకోమంటావు? పైసా పైసా ప్రజాధనమయ్యా ఇది."

"కానీ సార్, ఎనిమిది పట్టది."

"పట్టకపోతే తగ్గిద్దాం," అన్నారు ఆయన. ఆ ముఖంలో సమస్యను పరిష్కరించినవాడి ప్రశాంతత నెలకొని ఉన్నది. "మనకి వర్కుషాపు ఉంది. అందులో రంపం ఉంది. రెండున్నర అంగుళాలు కోయించేస్తే సంఘం చెప్పిన కొలతా వచ్చింది, తక్కువ ధరా వచ్చింది. ఏవంటావు?"

మర్నాడు ఇంజనీరింగ్ కాలేజీ వర్కుషాపులో ఆ కార్డును చెక్కల మధ్య బిగించి, చాలా నిపుణంగా, అంచులు చిట్లకుండా కోశారు. వడ్రంగి అంచుకు ఉప్పుకాగితం కూడా రుద్ది ఇచ్చాడు. సరిగ్గా అయిదున్నర. కోసిన రెండున్నర అంగుళాల ముక్కను పారవేయకుండా, స్టాకు రిజిస్టరులో 'చిన్న కార్డు - ఒకటి' అని విడిగా ఎక్కించారు.

నాగేష్ నేరుగా తార్నాకకు వెళ్ళి, మెట్లమీదే కూలబడ్డాడు.

"కోసిన్రా?" అన్నాడు సంజీవ్. "నిజంగ కోసిన్రా? రంపంతోని?"

"ఉప్పుకాగితం గూడ రుద్దిన్రు."

సంజీవ్ నవ్వబోయి, నాగేష్ ముఖం చూసి ఆగాడు. ఆ అయిదుంబావు కార్డును తానే సొంత డబ్బుతో కొని తెచ్చి తన కంప్యూటర్లో పెట్టుకున్నట్లు చెప్పి, లోపలికి పోయాడు. మరలు విప్పి దాన్ని ఊడదీసి, పాత పేపరులో చుట్టి నాగేష్ జేబులో కుక్కాడు. "మూత తీసినంక ఎవ్వలు చూడకుండ గిది పెట్టు. కోసిన దాన్ని జేబుల వేసుకో. పర్మనెంటు అయినంక నాది నాకు తెచ్చియ్యి."

నాగేష్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడ్వకన్నా. గిరాకీలు చూస్తే కంప్యూటర్ ఖరాబైందనుకుంటరు."

సెప్టెంబరు పదకొండో తేదీ ఉదయం పదకొండు గంటలకు సడలింపు మొదలయింది. ఉపకులపతి గారు, ఫైనాన్సు ఆఫీసరు, సుబ్బరాయుడు గారు, బాలస్వామి చుట్టూ నిలబడ్డారు. బాలస్వామి కొబ్బరికాయ కొట్టాడు. నాగేష్ బ్లేడుతో కుట్లు విప్పి, గుడ్డ తొలగించి, నాలుగు మరలు తీసి, రెండు చేతులతో మూత ఎత్తాడు.

లోపల ఒక ఇటుక ఉన్నది.

ఇంకేమీ లేదు. ఎర్రని, బాగా కాలిన, మొదటి రకం ఇటుక. కదలకుండా నాలుగువైపులా అట్టముక్కలు కూడా పెట్టి ఉన్నాయి.

"తొమ్మిది బై నాలుగున్నర!" అన్నారు సుబ్బరాయుడు గారు సంతోషంగా. "అందుకే చెప్పాను, ఎక్కడో చూశానని."

సడలింపులో పది నిమిషాలు ఇటుక చుట్టూ తిరిగి చూడటంలోనే గడిచిపోయాయి.

"ఎవరు?" అన్నారు చివరికి ఫైనాన్సు ఆఫీసరు గారు. "రెండేళ్ళుగా సక్రమంగా పనిచేస్తోందని రాసి సంతకం పెట్టిందెవరు?" ఆవేశంగా స్టాకు రిజిస్టరు తెరిచారు. ముందు నాగేష్ సంతకం కనిపించింది. దాని పైకి చూశారు. ఇంకా పైకి చూశారు. రిజిస్టరును నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూశారు.

ఉపకులపతి గారు మహానుభావులు. కంగారు ఆయన ముఖంలో ఒక్క క్షణమే కనిపించింది.

"నాగేష్, కార్డు పెట్టి చూడు," అన్నారు.

"సార్?"

"పెట్టవయ్యా. తీర్మానం ఉంది కదా."

కోసిన కార్డును నాగేష్ ఇటుక పక్కన పడుకోబెట్టాడు. అతికినట్లు సరిపోయింది. గాలికి అర అంగుళం మిగిలింది కూడా.

"పట్టింది," అన్నారు ఉపకులపతి గారు. "అంటే సంఘం పని విజయవంతమైంది. ఇక తిరగడం ఒక్కటే మిగిలింది. నాగేష్, రేపు మధ్యాహ్నం మూడు గంటలకు బొమ్మ తిరగాలి. ఎలా అన్నది నేను అడగను. తిరక్కపోతే ఈ సంతకాలలో అన్నిటికన్నా కింద ఉన్నది నీదే."

నాగేష్ బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. బాలస్వామి పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఇటుకకు రెండేండ్లు బొట్టు పెట్టిన బిడ్డా," అన్నాడు. "గుళ్ళె రాయికి పెడ్తలేమా, ఏమైతది తియ్. నువ్వు జెల్ది తార్నాకకు ఉరుకు."

ఆ సలహా ఉన్నత విద్యావంతులెవరి నుంచీ రాలేదు గనుక వెంటనే అమలయింది. సాయంత్రానికల్లా సంజీవ్ తన సొంత కంప్యూటరును, అందులో తిరిగి బిగించిన అయిదుంబావు కార్డుతో సహా, ఆటోలో వేసుకుని క్యాంపస్‌కు తెచ్చాడు. సభావేదిక మీద బల్లకింద దాన్ని పెట్టి, పట్టుగుడ్డ నేలదాకా దించారు. బల్లమీద తెర, దాని పక్కన బంతిపూల దండతో దార్శనిక పెట్టె. పెట్టె వెనుక రంధ్రంలో రెండు వైర్లు దూర్చి అతికించారు. కింద ఫ్యాను గుయ్యిమనే చప్పుడు వినిపించకుండా ఒక సన్నాయి మేళాన్ని ఏర్పాటు చేశారు.

మంత్రివర్యులు మూడింటికి బదులు అయిదింటికి వచ్చారు. స్వాగతోపన్యాసంలో ఉపకులపతి గారు, పెట్టెకు తగిన కార్డును కనుగొనడంలో తమ ఆచార్యులు చూపిన పరిశోధనా పటిమను వివరించారు. మంత్రిగారు మీట నొక్కారు. నాగేష్ వేదిక పక్కన నిలబడి చూస్తున్నాడు.

తెర వెలిగింది. అందులో పదహారు అంతస్తుల భవనాలు, తోటలు, ఫౌంటెన్లు మెల్లగా ప్రదక్షిణంగా తిరిగాయి. సభ చప్పట్లతో మారుమోగింది. మంత్రిగారు ముందుకు వంగి చూశారు.

"వెనక నీలంగ కనబడేది ఏందండీ? సముద్రమా?"

నమూనాను మద్రాసువారు ఎవరి కోసం గీశారో ఉపకులపతి గారికీ తెలియదు. "అవునండీ," అన్నారు.

"తార్నాకల సముద్రమా?"

"రెండువేల ఇరవై కదండీ."

మంత్రిగారు తృప్తిగా తల ఆడించారు. ఫోటోగ్రాఫర్లు పెట్టెను పట్టుకొని నిలబడమని అడిగారు. ఎవరూ వారించే లోపలే ఆయన దండతో సహా పెట్టెను రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకున్నారు. వైర్లు రెండూ ఊడి కింద పడ్డాయి.

తెరమీద భవిష్యత్తు తిరుగుతూనే ఉన్నది.

సన్నాయి ఆగిపోయింది. ఫైనాన్సు ఆఫీసరు గారు కళ్ళు మూసుకున్నారు. నాగేష్‌కు నిరోష ముఖం గుర్తుకు వచ్చింది, బడిలో వేయవలసిన చిన్నది గుర్తుకు వచ్చింది. మంత్రిగారు వైర్లను చూశారు. తెరను చూశారు. చేతిలోని పెట్టెను కాస్త ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి బరువు చూశారు. ఆయన ముఖం మీద అభిమానంతో కూడిన ఒక చిరునవ్వు మెల్లగా విచ్చుకున్నది.

"ఉపకులపతి గారూ," అన్నారు మైకు పక్కకు జరిపి. "ఎవరు తయారుచేసిన్రండీ? ఫినిషింగ్ చాలా బాగున్నది. గిది మా శాఖలనే ఉండాలె. నేను తీసుకపోతున్న."

"మహాభాగ్యం," అన్నారు ఉపకులపతి గారు.

"దీన్ని చూసుకునే పిలగాడు ఎవరు?"

నాగేష్‌ను ముందుకు తోశారు. తొమ్మిదేళ్ళ ఫైలు తొమ్మిది సెకన్లలో వచ్చింది. మంత్రిగారు అక్కడే, నిలబడే, పెట్టెను బల్లగా వాడుకుని దానిమీద సంతకం చేశారు. నాగేష్ పర్మనెంటు అయ్యాడు. పెట్టెతోపాటు అతన్ని కూడా శాఖకు బదిలీ చేశారు. మర్నాడు పత్రికలన్నీ ఆ ఫోటోను మొదటి పేజీలో వేశాయి. సంజీవ్ తన కంప్యూటరును మళ్ళీ ఆటోలో వేసుకుని తార్నాకకు వెళ్ళిపోయాడు.

సోమవారం ఉదయం నాగేష్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నిరోష కొత్త తెల్లగుడ్డలో కుట్టి ఇచ్చిన పెట్టెను ఒడిలో పెట్టుకుని, శాఖవారి జీపులో ముషీరాబాద్‌లోని శాఖ గోదాముకు చేరాడు. లోపల నేల నుంచి కప్పుదాకా ఇనుప అరలు. స్టోరుకీపరు వెంకటనర్సయ్య ముక్కుమీద కళ్ళద్దాలతో రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాడు.

"కొత్త పర్మనెంటా?"

"అవునన్నా."

"మంచిది. గీడ పని అలకగ ఉంటది. ఏటికొక్క సంతకం." వెంకటనర్సయ్య లేచి, పెట్టెను అలవాటైన ఒక్క చేత్తో అందుకుని, మధ్య అరలో పెట్టాడు. దాని ఎడమవైపు గోడదాకా, కుడివైపు గోడదాకా తెల్లని గుడ్డల్లో కుట్టిన పెట్టెలే బారులు తీరి ఉన్నాయి. తిరిగి వచ్చి కూర్చుని, కలం మూత తీశాడు.

"చెప్పు తమ్మీ, రాసుకుంట. ఇటుక ఒకటా, రెండా?"

నాగేష్ పర్మనెంటు ఉద్యోగిగా తన మొదటి అధికారిక సమాధానం ఇచ్చాడు.

"ఒకటే అన్నా. పక్కన కార్డు గూడ సరిగ్గ పట్టింది."